గట్టు మీద మోగిన కంచు పళ్లెం

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు ఒళ్లు ముట్టుకుని జ్వరం ఉందేమో చూసే మనిషిని నేను. నా చదువు మూడో తరగతితో ఆగింది కానీ, చూసింది మరిచిపోను.

మాది ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే ఇల్లు. చలికాలం పొగమంచు కమ్మితే తెప్పల మీద వెళ్లినవాళ్లకు ఒడ్డు ఎటుందో తెలియదు. అందుకని ఆడవాళ్లం గట్టు మీద నిలబడి కంచు పళ్లెం కొట్టేవాళ్లం. ఒక్కో ఇంటికి ఒక్కో దరువు. మాది రెండు దెబ్బలు, ఆగి ఒకటి.

మా అన్న ఒక్కడే చదువుకుని యుద్ధ విమానం నడిపేవాడయ్యాడు. యుద్ధం వచ్చిన ఏడు, శత్రువుల వైపు ఎగిరి ఫొటోలు తీసుకొచ్చే పని అతనికి పడింది.

ఆ రోజుల్లో ఒక పొద్దున మా తెప్పలు ఐదూ ఒడ్డుకొచ్చాయి. మంచూ విడిపోయింది. పళ్లెం కొడుతున్న నా చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంకొకరు నీళ్ల మీదే ఉన్నారనిపిస్తోంది. వదిలేద్దామన్నా వేళ్లు రాలేదు.

"నీ మొగుడు నీ ముందల్నే ఉన్నడు గదనే! ఇంకెవన్ని పిలుస్తున్నవ్?" అని మా ఇంటికి ఇల్లరికం వచ్చిన మా ఆయన అందరి ముందు నవ్వాడు. అంతలో పళ్లెం పగిలింది. అయినా కొట్టాను. జీరగా మోగింది. కాసేపటికి చెయ్యి దానంతటదే వాలిపోయింది.

యుద్ధం అయ్యాక అన్న సెలవు మీద వచ్చాడు. అన్నం తింటూ ఆ పొద్దున సంగతి చెప్పాడు. గుండ్లు తగిలి రేడియో, దిక్సూచి పోయాయట. తీయాల్సిన వంతెన ఫొటో ఇంకా తీయలేదట.

"మరి ఎన్కకు రావొద్దా అన్నా?"

"ఎట్లొస్త చెల్లె? మర్నాడు తెల్లారితే మనోళ్లు గా బ్రిడ్జి మీదికెళ్లే పోవాలె. గది ఉన్నదో కూలిందో చూడకుంట వస్తే ఆళ్ల గతేంది?"

మబ్బులోంచి కిందికి దిగి ఫొటో తీశాడు. పైకి లేస్తే నాలుగు వైపులా తెలుపే. పక్కన కొండలున్నాయని తెలుసు, కనబడవు. సున్నం కొట్టిన గదిలో పెట్టి తలుపేసినట్టుంది అన్నాడు. పెట్రోలు అయిపోతోంది. అప్పుడు ఎడమ వైపు నుంచి మా ఇంటి దరువు వినిపించిందట. అటే తిప్పాడు. మబ్బు విడిపోయేసరికి ముందు మైదానం. ఇందాక తను పోతున్న వైపు నల్లటి కొండ.

"భయానికి ఇంటి చప్పుడు యాదికొచ్చుంటది" అన్నాను.

అన్న చేతిలో ముద్ద ఆగింది. "నేను గూడ గట్లనే అనుకున్న. గని నడుమల పళ్లెం పగిలినట్లయింది చెల్లె. గటెన్క జీర వచ్చింది. మన పళ్లెం ఎన్నడు పగల్లేదు గదా?"

ఆ సంగతి అతనికి ఎవరమూ ఉత్తరం రాయలేదు. పగిలిన పళ్లెం అటక మీంచి దింపి అతని ముందు పెట్టాను. అన్న పగులు వెంట వేలితో తడిమాడు. విస్తట్లో అన్నం అట్లనే చల్లారింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటింది. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ పొద్దున నా చెయ్యిని ఆగనివ్వనిది ఏమిటంటే మాత్రం చెప్పలేను.