తోడల్లుడి పడవ

మా ఆవిడ చెల్లెలూ ఆమె భర్తా కొత్తపట్నం దగ్గర కాలువలో పడవ మీద కాపురం పెట్టారని తెలిసిన రోజు నేను పగలబడి నవ్వాను. "నెల తిరక్కుండానే మూటాముల్లే సర్దుకుని వస్తారు, చూస్తూ ఉండు" అన్నాను. మా ఆవిడ నవ్వలేదు.

మాది ప్రత్తిపాడు. పంపుసెట్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేయడం నా పని. నా తోడల్లుడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. మా పక్క ఊళ్లోనే కౌలుకు పత్తి వేసేవాడు. వరసగా రెండేళ్లు గులాబీ పురుగు కాయలు తొలిచేసరికి విసుగెత్తిపోయి, సముద్రం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే పనికి కుదిరాడు. యజమాని ఇచ్చిన రేకుల గదిలో ఉక్క భరించలేకపోయారట. ఎవరో ఫైబర్ బోటు కొనుక్కుని గట్టున వదిలేసిన పాత చెక్క పడవ ఒకటి ఉంటే, దాన్ని తీసుకుని, పైన కప్పు వేసి, కాలువలోనే కట్టుకుని ఉండడం మొదలుపెట్టారు. చెరువులకి మేత బస్తాలు చేరవేయడానికి కూడా అదే పడవ.

నెల తిరిగింది. వాళ్లు రాలేదు సరికదా, మా ఆవిడే వెళ్లి నాలుగు రోజులుండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట. "అక్కడ గాలే వేరండీ. కూర్చుంటే లేవబుద్ధి కాదు." అవి మా ఊళ్లో మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజులు. వీధి వీధంతా తుమ్ములూ దగ్గులూ. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ మాట అంటుంటే, మా ఊరి గాలి ఘాటెక్కడం కూడా నా చేతగానితనమే అన్నట్టు వినిపించేది.

"మా మరిది ఎంత శుభ్రంగా ఉంచాడనుకున్నారు! ఒక్క మేకు కూడా వదులుగా లేదు" అంది ఇంకోసారి. ఊరందరి మోటార్లూ బాగుచేసే నా ఇంట్లో పెరటి కుళాయి ఆరు నెలలుగా కారుతోంది. ఆమె దాని పేరెత్తలేదు. ఎత్తినా బాగుండేది.

చివరికి నేనూ వెళ్లాను. ఒంగోలులో బస్సు దిగి ఆటో ఎక్కాను. కాలువ పక్కన పొడుగ్గా, సన్నగా, నీలం రంగు వేసిన పడవ కనిపించింది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరిగి దారివ్వాలి. అంత ఇరుకు. అయినా ప్రతి వస్తువుకీ చోటుంది. గ్యాస్ స్టవ్వు కదలకుండా బెల్టుతో బిగించి ఉంది. గిన్నెలన్నీ తాడు వలలో వేలాడుతున్నాయి. కప్పు మీద సోలార్ పలక, కింద బ్యాటరీ. మంచినీళ్ల క్యాన్లు మాత్రం ఊళ్లోంచి స్కూటర్ మీద తెచ్చుకోవాలి.

"రా బావా, తల జాగ్రత్త!" అంది మరదలు. ఆ మాట పూర్తయ్యేలోపే నా తల కప్పుకి కొట్టుకుంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఆ రెండు రోజులూ తప్పులు వెతకడమే పనిగా పెట్టుకున్నాను. ఉప్పునీళ్లలో బట్టలు ఉతికితే చిరిగిపోతాయన్నాను. దోమలన్నాను. తోడల్లుడు దేనికీ ఎదురు చెప్పలేదు. పొద్దున్నే లేచి అడుగు చెక్క తీసి, రాత్రి ఊరిన నీళ్లు కోసిన ఆయిల్ క్యానుతో తోడిపోసేవాడు. సముద్రం పోటుకి కాలువ నీళ్లు పైకి లేస్తే తాళ్లు వదులు చేయాలి, ఆటుకి దిగితే బిగించాలి. అతను ముందు తాడు దగ్గరికి వెళ్తుంటే మరదలు పొయ్యి మీద కూర దించి వెనక తాడు దగ్గరికి వెళ్లేది. ఒకరినొకరు పిలుచుకునేవారు కాదు. పని అయ్యాక మళ్లీ ఎవరి చోటికి వాళ్లు.

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఇరవై ఏడేళ్ల మా సంసారంలో కేకలేసుకోకుండా మేమిద్దరం మంచం కూడా పక్కకి జరపలేదు.

రెండో రోజు అతను అడిగాడు. "అన్నయ్యా, ఇంజను తెల్లగా పొగ కక్కుతోంది. ఒకసారి చెయ్యి వేస్తావా?"

చూశాను. డీజిల్లో నీళ్లు చేరాయి. ఫిల్టరు మార్చి, ట్యాంకు కడిగి, మళ్లీ నడిపించాను. అప్పుడు కనబడింది. నీళ్లలో పడవని నెట్టే ఫ్యాను ఉంటుందే, దాన్ని తిప్పే ఇరుసు పడవ అడుగులోంచి నీళ్లలోకి వెళ్లే చోట, చుట్టూ కూరిన గ్లాండు తాడు అరిగిపోయి ఉంది. మా పంపుసెట్లలోనూ ఉంటుంది ఆ తాడు. నీళ్లు లోపలికి రాకుండా అదే కాపలా. అప్పటికి చుక్కచుక్కగా కారుతోంది. ఇంకొన్నాళ్లుంటే ధార కడుతుంది. నా సంచీలో కొత్త తాడు ఉంది. గట్టిగా గంట పని.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి మరదలు మా ఆవిడకి ఫోన్లో చెబుతోంది. "ఇదిగో, మీ ఆయనకి కూడా ఇక్కడ నచ్చేసిందే అక్కా!"

నేను సంచీ మూసేశాను. అడిగింది ఇంజను గురించే కదా, ఇంజను చూశాను కదా అనుకున్నాను. కానివ్వు, వీళ్లకీ కొంచెం తెలిసిరావాలి అని కూడా అనుకున్నాను. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

రెండు వారాల తర్వాత పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. సింగరాయకొండలో ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లి రెండు రోజులు ఉండిపోయారట. నీళ్లు తోడేవాళ్లు లేరు. తిరిగొచ్చేసరికి పడవ వెనక సగం కాలువలో మునిగి ఉంది.

చిన్న పంపు ఒకటి బస్సులో వేసుకుని వెళ్లాను. గట్టు మీద పరుపులు, బియ్యం, కుట్టుమిషను, బురదలో తడిసిన చీరలు. నన్ను చూడగానే మరదలు కళ్లు తుడుచుకుంది. "బావ వచ్చాడుగా, ఇంక ఫర్వాలేదు" అంది. నాకు ఆమె ముఖంలోకి చూడడం చేతకాలేదు.

పేటలో జాలర్లు పదిమంది వచ్చి తాళ్లు వేసి పట్టారు. నేను పంపు పెట్టి నీళ్లు తోడాను. సాయంత్రానికి పడవ తేలింది. మర్నాడు దాన్ని గట్టు మీదికి లాగి ఒక పక్కకి ఒరిగించాం. అడుగున అంటుకున్న గుల్లల్ని గీకాం. ప్రత్తిపాడు నుంచి దూది తెప్పించాను. చెక్కల సందుల్లో ఆ దూదిని వత్తిలా పేని ఉలితో కుక్కి, గుగ్గిలం నూనెలో మరిగించి పైన పూశాం. మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ అతను "నాదే తప్పు, నేనే చూసుకోవాల్సింది" అంటూనే ఉన్నాడు.

నాలుగో రోజు గ్లాండులో కొత్త తాడు కూరుతుండగా చెప్పేశాను.

"ఇది అప్పుడే చూశాను నేను."

"ఏది?"

"ఈ తాడు అరిగిపోవడం. పోయినసారి వచ్చినప్పుడే. చెప్పలేదు."

అతను పట్టుకున్న స్పానరు కింద పెట్టాడు. "కారడం నేనూ చూశాను అన్నయ్యా. నువ్వు చూసి ఏమీ అనలేదు కదా, అందుకని ఫర్వాలేదనుకున్నా."

"కావాలనే చెప్పలేదు."

"ఎందుకని?"

ఏం చెప్పను? మీ ఆవిడ నువ్వు పిలవకుండానే తాడు దగ్గరికి వస్తుంది, అందుకని చెప్పనా? "కుళ్లు" అన్నాను. ఒక్క ముక్కే.

అతను నావైపు చూసి, "మా పడవ చూసా? దీన్ని చూసా?" అన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ గొంతులో. లేచి గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దాటాక వచ్చి నాకెదురుగా కూర్చుని ఇరుసు పట్టుకున్నాడు. పని పూర్తి చేశాం. ఆ సంగతి అతను ఆడవాళ్లిద్దరికీ చెప్పలేదని తర్వాత అర్థమైంది నాకు. ఎప్పటికీ చెప్పలేదు.

పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది. ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. తోడల్లుడు మా ఇంటికి వస్తే మునుపటిలాగే భోంచేస్తాడు, "అన్నయ్యా" అనే పిలుస్తాడు. రొయ్యల జబ్బుల గురించి, వానల గురించి మాట్లాడతాడు. పడవ ఊసు మాత్రం నా దగ్గర ఎత్తడు. ఇంజను ఎలా ఉందని నేనడిగితే "బానే ఉంది" అంటాడు, అంతే.

పోయిన నెల మా ఆవిడ అక్కడికి వెళ్లొచ్చింది. సింగరాయకొండ నుంచి ఒక మెకానిక్ వస్తున్నాడట. మంచి పనిమంతుడట. ఇంజనంతా విప్పి బిగించాడట. పని అయ్యాక వాళ్లతోపాటు కూర్చోబెట్టి పీతల కూర పెట్టారట.

"ఎవరతను? ఎన్నాళ్లుగా వస్తున్నాడు?" అని అడిగాను.

"నాకేం తెలుసండీ. ఎందుకంత గట్టిగా అడుగుతున్నారు?" అంది మా ఆవిడ.

ముఖమైనా ఎరగని ఆ మనిషిని తలుచుకుని ఆ పూటంతా కుళ్లుకుంటూనే ఉన్నాను.