కొసరు ఆకు

ముక్కు మీది మాస్కు మెల్లగా గడ్డం కిందికి జారడం మొదలైన ఆ రోజుల్లో, బేరమాడటంలో నన్ను మించినవాడు బర్ దుబాయ్‌లో లేడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇంకెవరికీ లేదు.) జగిత్యాలలో మా తాత, నాన్న, చిన్నాన్న అందరూ బట్టల కొట్లవాళ్లే, నేను పాకిందీ, పళ్లు మొలిపించుకుందీ గల్లాపెట్టె పక్కనే. అలాంటి నన్ను బట్ట తానులు మోసే పనిలో పెట్టాడు మా ముదీర్ (ఇక్కడ మేనేజరును అలాగే అంటారు). "పెద్ద ఆర్డర్ ఒక్కటి పట్టు, కౌంటర్ నీదే. లేదంటే అల్ వర్సాన్ గోడౌన్‌కి పో" అన్నాడు. గోడౌన్‌లో పలకరించడానికి తానులు తప్ప మనుషులుండరు. నోరు తప్ప వేరే ఆస్తి లేనివాడికి అంతకన్నా పెద్ద శిక్షేముంది?

అప్పుడొచ్చింది ఐర్లండ్ టీచరమ్మ. మార్చిలో వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగట, ఆ రోజు అందరూ ఆకుపచ్చ వేసుకుంటారట. భుజం మీంచి వేలాడే పట్టీలు కావాలి, ఒక్కోదాని మీద మూడాకుల రెమ్మ కుట్టాలి. ఆకుపచ్చ శాటిన్! ఎవరూ కొనక అటక మీద మూలుగుతున్న సరుకు! సగానికి దిగడానికి సిద్ధపడి, అవసరమైతే కళ్లనీళ్లు కూడా పెట్టుకుందామనుకుని, ఒక ధర చెప్పాను. ఆమె "ఓకే" అంది. అంతే! నా నాటకమంతా నాలోనే మిగిలిపోయింది. పైగా ఒక చిక్కు. బేరమాడని మనిషిని కొసరు వెయ్యకుండా పంపితే మా నాన్న దృష్టిలో అది దొంగతనం. ఆయన మీటరుకు బెత్తెడు కలిపి చింపేవాడు. పట్టీలకు బెత్తెడు కలిపితే మోకాళ్లకు చుట్టుకుంటాయి. మరేం కలపాలి?

సత్వాలో మిషను మీద పువ్వులు కుట్టే రాజోలాయన దగ్గరికి పరుగెత్తాను. (ఆయన అందరికీ బాబాయే.)

"బాబాయ్, ఇంకో ఆకెయ్యరాదు."

"మూడే అన్నారు కదరా ఆవిడ. బొమ్మ కూడా గీసిచ్చారు."

"మూడు లెక్కకు, ఒకటి కొసరు. ఊకెనే ఇస్తే వద్దంటరా ఎవలన్న?"

"పుణ్యం నీది, దారం నాది. బాగుందిరా అబ్బాయ్" అంటూనే కుట్టేశాడు.

టీచరమ్మ వచ్చి మూట విప్పింది. ఒక పట్టీ తీసి ఆకుల్ని వేలితో లెక్కపెట్టింది. తర్వాత పిల్లలకు చెప్పినట్టు చెప్పింది: ఆ పాట్రిక్ సాధువు మూడాకుల రెమ్మ చూపించి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని బోధించాడని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారట. "మరి ఈ నాలుగో ఆయన ఎవరు?"

మారేడు దళం కళ్ల ముందు మెదిలింది. దానికి నేను నాలుగో ఆకు అతికించి తెస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేదా? "ఖలాస్, యల్లా, గోడౌన్!" అన్నాడు వెనక నుంచి ముదీర్.

"మేడం, ఆయన దేవుడు కాదు. కొసరు. మీరు బేరమాడలేదు కదా, అందుకని మా తరఫున."

"అడక్కుండానే ఇస్తారా?"

"అడిగితే ఇయ్యం మేడం."

ఆమె కౌంటర్ పట్టుకుని మరీ నవ్వింది. మా వాళ్లందరికీ ఈ కథ చెప్పాలంటూ ఒక్కటి కూడా వదలకుండా పట్టుకెళ్లింది. ముదీర్ బయటికి తీసిన గోడౌన్ తాళంచెవి మళ్లీ జేబులోకి వెళ్లింది. కౌంటర్ నాదైంది.

మొన్న మార్చిలో వేరే ఐర్లండ్ పెద్దమనిషి పాత పట్టీ ఒకటి తెచ్చి, అచ్చం ఇలాంటివే కావాలన్నాడు. చూస్తే మా బాబాయి కుట్టే! "మూడాకులే ఉండాలి కదా సార్" అన్నాను పండితుడిలా. ఆయన నన్ను జాలిగా చూశాడు. "నాలుగోది గడప తొక్కిన పరదేశి కోసం. మా అవ్వల కాలం నుంచీ ఉన్న ఆచారం." ఆ వెంటనే బేరానికి దిగాడు. మామూలు బేరం కాదు, మా తాత లేచొచ్చి దండం పెట్టేంత బేరం!

"నాలుగో ఆకు తీసేస్తే తగ్గిస్తాను సార్."

"ఆచారం తీసేస్తారా!" అని నొచ్చుకుని, మారు మాట్లాడకుండా చెప్పిన ధర పెట్టి వెళ్లాడు.

కౌంటర్ మనిషిని కదా, నాలుగో ఆకు దారం కూడా ధరలో కలిపేశాను. అదే తానులు మోసే ఆ పిచ్చోడైతేనా, ఈపాటికి ఐదో ఆకు కోసం సత్వాకు పరుగెత్తేవాడు.