ఎడమ తలుపు మీద ఒక్క దెబ్బ

పోయిన కార్తీకంలో మూడవ సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఇది జరిగింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం నా ట్రక్కు ముందు అద్దానికి అమర్చిన కెమెరా. దృశ్యంతో పాటు గంట, నిమిషం, బండి వేగం కూడా అందులో నమోదవుతాయి.

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఎవరికైనా జ్వరం వస్తే దిష్టి తీయడం తర్వాత, ముందు దవాఖానకు పోదామని వాదించి పెద్దల చేత మాటలు పడ్డవాడిని. ఈ అనుభవాన్ని కూడా అదే బుద్ధితో చాలా రోజులు పరిశీలించాను. తేలినంత మేరకు రాస్తున్నాను.

మా నాన్నది సొంత లారీ. యాదగిరి కాక ఆ లారీకి క్లీనర్. రక్త సంబంధం లేకపోయినా ఆయన నాకు కాకే, బాబాయి వరస. హైటెక్ సిటీలో నేను చేసిన కాంట్రాక్టు ఉద్యోగం ముగిసి, నాన్న కూడా పోయిన తర్వాత, ఆ లారీ మీద నాకు డ్రైవింగ్ నేర్పి, పక్కన కూర్చుని తిరిగినవాడు ఆయనే.

లారీలో డ్రైవర్‌కు ఎడమవైపు సరిగా కనిపించదు. అక్కడ క్లీనరే కన్ను. అతను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తలుపు మీద చరుస్తాడు. రెండు దెబ్బలైతే పోనిమ్మని, ఒక్క దెబ్బైతే ఆపమని. ఒక్క దెబ్బ వినిపించినప్పుడు కారణం అడగకూడదు. ముందు ఆపాలి, తర్వాత అడగాలి. కాక ఎడమ చేతికి ఇత్తడి కడియం ఉండేది. అరచేతి చప్పుడు వెంటే ఆ కడియం రేకుకు తగిలి టంగుమనేది. మిగతా క్లీనర్ల దెబ్బకూ ఆయన దెబ్బకూ అదే తేడా.

తర్వాత పాత లారీ అమ్మేసి, ఒక సరఫరా సంస్థలో చేరాను. పటాన్‌చెరు గోదాము నుంచి కూరగాయలు, బియ్యం పుప్పాలగూడలోని ఒక పెద్ద వంటశాలకు చేర్చడం నా పని. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులకు భోజనాలు అక్కడి నుంచే వెళతాయి. సంస్థ ఇచ్చింది ఏసీ క్యాబిన్ ఉన్న కొత్త ట్రక్కు. క్లీనర్ లేడు. వేగం ఎనభై దగ్గర బిగించి ఉంటుంది. పెడల్ ఎంత తొక్కినా ఆ పైన వేగం పెరగదు.

ఒకరోజు బండిని కాకకు చూపించాను. ఆయన ఎడమ సీటులో కూర్చుని అంతా తడిమి చూశారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నా కష్టం చెప్పుకున్నాను. ర్యాంపుల నుంచి కార్లు వచ్చి కలిసేటప్పుడు పాత లారీలోలాగా వేగం పెంచి ముందుకు పోలేకపోతున్నాను, పక్క వరుసలో ఇంకో బండి ఉంటే అటు జరగలేకపోతున్నాను అన్నాను.

ఆయన నవ్వారు. "పట్నమంతటితోని పోటీ పెట్టుకున్నవా ఏంది? వాళ్ళకు ఆఫీసు లేటైతది. నీ ఉల్లిగడ్డలకు ఏం లేటైతది బిడ్డా? ఉరకని బండికి ఒక్కటే ఉపాయం. ముందుగాల్నే సైడియ్యాలె."

కొద్ది నెలలకే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. ఎడమ చెయ్యి ఇక లేవకపోవచ్చని డాక్టర్లు చెప్పారు. మియాపూర్ డిపో వెనుక కిరాయి గదిలో కాక భార్య, మా చిన్నమ్మ, ఆయనను కనిపెట్టుకుని ఉండేది.

ఆ సోమవారం మంచు పలచగా ఉంది. కొల్లూరు ర్యాంపు దగ్గరికి వస్తున్నాను. నా కుడివైపు ఒక ట్యాంకర్ సరిగ్గా నా వేగంతోనే నడుస్తోంది. ఎడమవైపు ర్యాంపు మీద ఒక చిన్న తెల్ల కారు అద్దంలో కనిపించింది. పాత అలవాటు కొద్దీ, దానికంటే ముందు దాటిపోదామని పెడల్‌ను అడుగంటా తొక్కాను. బండి ఎనభై మీదే ఉంది. అంతలో కారు అద్దంలోంచి మాయమైంది. వెనుకబడిందని అనుకున్నాను.

అప్పుడు ఎడమ తలుపు మీద ఒక్క దెబ్బ పడింది. అరచేతి చప్పుడు, వెంటనే కడియం టంగుమనడం.

నేను ఆలోచించలేదు. ఏళ్ళ తరబడి ఆ దెబ్బకు అలవాటైన కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. మరుక్షణం ఆ తెల్ల కారు నా బంపరు ముందునుంచి అడ్డంగా దూసుకొచ్చింది. ర్యాంపు చివర ఒక టిప్పర్ చెడిపోయి ఆగి ఉంది. దాని వెనుక గుర్తుగా చెట్టు కొమ్మ పెట్టారు కానీ మంచులో అది దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. తప్పించుకోవడానికి కారుకు నా ముందు తప్ప చోటు లేదు. నేను అదే వేగంతో పోయి ఉంటే ఆ కారు నా చక్రాల కిందికి వచ్చేది.

నానక్‌రామ్‌గూడ టోల్ దాటాక ఆ కారు పక్కకు ఆగి ఉంది. నడిపినామె నాకోసం రోడ్డు పక్కన నిలబడి ఉంది. వెనుక సీటులో వాళ్ళమ్మ పళ్ళెం లాగా రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని ఏదో జపిస్తోంది. వాళ్ళు కాకినాడ వైపు వాళ్ళట, అమ్మకు కంటి ఆపరేషన్ అట.

"మీరు ఆపకపోతే మేం లేమండి. అసలు మేం మీకు కనిపించి ఉండం కదండీ, ముందే ఎలా ఆపారు?" అని ఆమె అడిగింది.

నమస్కారం పెట్టి వచ్చేశాను.

వంటశాలలో సరుకు దించాక తలుపు పరీక్షించాను. రాయి తగిలిన సొట్ట లేదు, గీత లేదు. లోపల పెట్టెలన్నీ కట్టిన తాళ్ళతో బిగువుగానే ఉన్నాయి. కిటికీ అద్దం పూర్తిగా ఎక్కించి ఉంది. కెమెరాలో ధ్వని రికార్డు కాదు. కానీ కారు తెర మీదికి రాకముందే వేగం అంకె ఎనభై నుంచి పడిపోవడం అందులో స్పష్టంగా ఉంది.

మధ్యాహ్నం గోదాములో బండి అప్పగించి మియాపూర్ వెళ్ళాను. కాకకు ఏమైనా అయిందేమోననే భయంతోనే వెళ్ళానని ఒప్పుకుంటాను. గుమ్మంలో చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"మీ కాక పొద్దుగాల నన్ను పరేషాన్ చేసిండు బిడ్డా. లేవని చెయ్యితోని మంచం పట్టె మీద ఒక్కటి కొట్టిండు. కడియం మోగితే ఉరికొచ్చి చూసిన. మల్ల లేపమంటే లేస్తలేదు."

ఎన్ని గంటలకని అడిగాను. గడియారం చూడలేదన్నది. పాల ప్యాకెట్ అప్పుడే వచ్చిందట, ఇంకా పొయ్యి వెలిగించలేదట. అంతకంటే తెలియదు.

లోపల కాక గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు, చిన్నమ్మకు కూడా. ఆయన మెల్లగా నావైపు తిరిగి, ముద్దముద్దగా అడిగారు.

"సైడిచ్చినవా?"

"ఇచ్చిన కాకా," అన్నాను. ఆ ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. కడియం మాత్రం వెచ్చగా ఉంది. అది కిటికీలోంచి పడుతున్న ఎండవల్లే అయి ఉండవచ్చు.

దీన్ని దయ్యం అందామంటే ఆయన బతికే ఉన్నారు. నా భ్రమ అందామంటే చిన్నమ్మ మాట ఉంది. కేవలం కాకతాళీయం అందామంటే ఆ ఒక్క ప్రశ్న అడ్డం వస్తోంది. ఆయనను తర్వాత అడిగాను. తనకు ఏమీ గుర్తు లేదన్నారు. ఈ రోజుకీ నాకు కారణం తెలియదు. ఆ తల్లీకూతుళ్ళు బతికి బయటపడ్డారు, నా చేతులకు రక్తం అంటలేదు. అందుకు ఎవరికి రుణపడ్డానో మాత్రం తెలుసు.

అప్పటినుంచి ర్యాంపు కనిపించగానే పెడల్ మీదినుంచి కాలు తీస్తున్నాను. ఎడమ కిటికీ అద్దం దించే ఉంచుతున్నాను.