గొడుగు గుర్తు భీమశంకరం

భీమశంకరరావు ఒకచోట స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్లు జాలరిపేటలో లేరు. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడతాడు. టీ ఇస్తే నడుస్తూ తాగుతాడు. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా ఉద్యోగమంతా సీట్లోనే గడిపాడు గనక, రిటైరయ్యాక ఆ కసంతా నడిచి తీర్చుకుంటున్నాడని కూతురు ఇంద్రజ అంటుంది. చేతిలో నల్ల గొడుగు మాత్రం తప్పదు. ఎండైనా, వానైనా, రెండూ లేకపోయినా సరే.

ఆ గొడుగు ఊరికే రాలేదు. ఆయన తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చి సోషలిస్టు అయినవాడు. అప్పట్లో వాళ్ల గుర్తు గుడిసె. గుడిసెల్లో ఉండేవాళ్లకి గుడిసె బొమ్మ చూపించి ఓటడగడం ఎంత సుళువో కొడుక్కి కథలు కథలుగా చెప్పేవాడు. తర్వాత సోషలిస్టులు విడిపోయారు, కలిశారు, కలిసినందుకు అలిగి మళ్లీ విడిపోయారు. తెలివైనవాళ్లు పెద్ద పార్టీల్లో సర్దుకున్నారు. సర్దుకోవడం చేతకానివాళ్లు మిగిలి సోషలిస్టు శ్రామిక పక్షం అని పేరు పెట్టుకున్నారు. విశాఖ శాఖ భీమశంకరరావు చేతికి వచ్చేసరికి అందులో పదకొండు మంది ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి చెవుడు.

ఇలాంటి చిన్న పార్టీకి సొంత గుర్తు ఉండదు. ఎన్నిక వచ్చినప్పుడల్లా ఎవరికీ చెందని గుర్తుల్లోంచి ఒకటి అడుక్కోవాలి. ఆయనకి మూడుసార్లు వరసగా గొడుగే దొరికింది. దొరికిన గొడుగుని ఎన్నికలయ్యాక కూడా దించలేదు. వేట నిషేధం రోజుల్లో రావలసిన భృతి రానివాళ్లని వెంటబెట్టుకుని ఆ గొడుగుతోనే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎండుచేపలు ఆరబెట్టుకునే చోట కంచె వేస్తామన్నప్పుడు ఇసకలో ఆ గొడుగు పాతుకుని దాని కింద కూర్చున్నాడు. బహుశా ఆయన కూర్చున్నది ఆ ఒక్కసారే. జాలరిపేటలో ఆయన పేరు చాలామందికి తెలీదు. గొడుగుబాబు అంటే తెలుసు.

అంత తిరిగినా గెలిచింది లేదు, డిపాజిట్ దక్కిందీ లేదు. చాలదన్నట్టు ఆరేళ్ల కిందట పార్టీ చీలింది. స్టీల్‌ప్లాంటులో పనిచేసిన కనకరత్నం, బావా బావా అంటూ ఒకే కంచంలో తిన్నవాడు, పెద్ద పార్టీతో పొత్తు పెట్టుకుందామన్నాడు. భీమశంకరరావు ససేమిరా అన్నాడు. కనకరత్నం నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లిపోయి వేరే పార్టీ పెట్టాడు. దాని పేరులో "ఐక్య" అని ఉంటుంది. విడిపోయినవాళ్లకి ఆ మాట మీద ఎందుకో అంత మోజు.

కరోనా వల్ల ఏడాదిపాటు ఆగిన కార్పొరేషన్ ఎన్నికలు మళ్లీ మొదలయ్యేసరికి ఇంద్రజ షరతు పెట్టింది. రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"ఇదే ఆఖరు నాన్నా. జాలరిపేటలో కిందటిసారి కంటే ఒక్క ఓటు తగ్గినా పార్టీ ఆఫీసు తాళం ఇచ్చెయ్యాలి. ఇంట్లో ఉండాలి. సరేనా?"

సరే అన్నాడు. కూతురి కోసం కాదు. ఇన్నేళ్లు తిరిగిన తిరుగుడుకి తన మనుషులంటూ ఎవరైనా ఉన్నారో లేదో తనకే తెలుసుకోవాలని ఉంది. ఆ ప్రశ్న ఆయన్ని లోపల తొలిచేస్తోంది.

గుర్తులిచ్చే రోజున అసలు దెబ్బ తగిలింది. అదే వార్డులో నిలబడిన కనకరత్నం కూడా గొడుగే అడిగాడు. అధికారి చీటీలు వేయించాడు. గొడుగు కనకరత్నానికి పోయింది. భీమశంకరరావుకి ఇస్త్రీ పెట్టె వచ్చింది. అన్యాయమని అరవడానికి లేదు, చీటీ తీసింది తన చెయ్యే.

పోలింగుకి వారం ఉంది. ఆ వారం ఆయన నడిచిన నడకకి చెప్పులు అరిగిపోయాయి. ఊరంతా ఉక్కు ఫ్యాక్టరీ అమ్మేస్తారన్న కోపంతో ఉడుకుతోంది, ఎక్కడ చూసినా ఊరేగింపులు. వాటి మధ్యనుంచి ఇంట్లో ఇంద్రజ వాడుకునే ఇస్త్రీ పెట్టెని చేత్తో పట్టుకుని ఆయన దూరుకుంటూ పోయేవాడు. గొడుగు పట్టుకుంటే ఎదుటివాడికి ప్రచారం చేసినట్టు అవుతుంది గనక, మార్చి ఎండంతా బోడి నెత్తినే పడింది.

చేపలమ్మే పోతమ్మ ఆ వాలకం చూసి తట్ట దించింది. ఆ వీధి ఆడవాళ్లకి ఆవిడ మాటే మాట.

"ఇదేటి బాబూ, బట్టలు ఇస్త్రీ సేసుకు బతుకుతన్నావేటి?"

"కాదు పోతమ్మా. ఈసారి నా గుర్తు ఇదే."

"ఇస్త్రీ బట్టల్తో మాకేటి పని? సేపలమ్ముకునీవోల్లం. మరి గొడుగేదీ?"

చీటీల సంగతి మొదట్నుంచీ చెప్పాడు. ఆవిడ అంతా విని, "ముందు నీడలోకి రా, పడిపోగలవు" అంది. అర్థమైందో లేదో తెలీలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి చెప్పాడు. ఆ మర్నాడు కూడా.

పోలింగు రోజు తెల్లవారకముందే లేచాడు. నిద్రపోతే కదా లేవడం. చొక్కా తొడుక్కుని, గడప దాటి, జాలరిపేట సందులన్నీ తిరిగాడు. పడవల దగ్గర మగవాళ్లు చెయ్యెత్తారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వారు. పోతమ్మ తల పంకించింది. ఎందుకో ఈసారి బాగానే ఉందనిపించి ఆయనకి హుషారొచ్చింది. అదే హుషారుతో బడి గేటు దాకా వెళ్లాడు. అక్కడ కానిస్టేబుల్ అడ్డు నిలిచాడు.

"సార్, ఎన్నికల గుర్తు లోపలికి తేకూడదు."

"నా గుర్తు ఇస్త్రీ పెట్టె నాయనా. నా చేతిలో ఏముంది?"

కానిస్టేబుల్ పైకి చూశాడు. భీమశంకరరావు కూడా చూశాడు. నెత్తిమీద నల్ల గొడుగు, నిండుగా విప్పి ఉంది. తలుపు పక్క మేకుకి వేలాడేదాన్ని చెయ్యి దానంతటది తీసుకుంది, ఎండ తగలగానే దానంతటదే విప్పింది. వారం రోజుల కష్టాన్ని ఒక్క ఉదయంలో సందు సందూ తిరిగి తనే చెరిపేసుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. తిట్టుకుందామంటే తనని తప్ప తిట్టడానికి ఎవరూ లేరు.

లెక్కింపు రోజున జాలరిపేటలో ఇస్త్రీ పెట్టెకి పడ్డవి నలభై ఒకటి. కిందటిసారి రెండొందల పైచిలుకు. గెలిచింది ఎప్పటిలాగే పెద్ద పార్టీ. మర్నాడు ఆఫీసు తాళంచెవి జేబులో వేసుకుని, ఆ గది అద్దెకిచ్చిన ఇంటివాడికి ఇచ్చేద్దామని బయల్దేరాడు. నా అనేవాళ్లు లేరు, అంతే, అనుకుంటూ నడిచాడు.

దారిలో పోతమ్మ ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"బాబూ, మా ఈది ఈదంతా గుద్దినాం. నాను దగ్గరుండి ఆడోల్లందరి సేతా గుద్దించినాను."

"దేని మీద పోతమ్మా?"

"ఇంక దేనిమీద, గొడుగు మీదే. నువ్వు ఏటేటో సెప్పినావు గానీ, ఆ పొద్దు గొడుగేసుకుని మా ముందునించే ఎల్లినావు కదా. మాకు ఆమాత్రం తెల్దేటి?"

గొడుక్కి జాలరిపేటలో మూడొందల డెబ్భై వచ్చాయి. నిన్న ఆ అంకె విన్నాడు, కనకరత్నం మీద అసూయతో విన్నాడు. ఇప్పుడు ఆ అంకెలోంచి ఒక్కొక్క మొహం కనపడింది. గొడుగు చంకలో ఇరికించుకుని పోతమ్మకి రెండు చేతులూ జోడించాడు. ఆ గుర్తు కనకరత్నానిదని మళ్లీ చెప్పి ఆవిడ ఓటుని తప్పు చెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ వేసినచోటే తను ఉండాలి, మరో దారి లేదు.

ఇంటివాడి దగ్గరికి పోవాల్సిన కాళ్లు కనకరత్నం గుమ్మం ముందు ఆగాయి. ఆరేళ్లలో ఆ గుమ్మం తొక్కలేదు. కనకరత్నం తలుపు తీసి తలొంచుకున్నాడు.

"నాకు తెలుసు బావా. అవి నా ఓట్లు కావు."

భీమశంకరరావు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "తాళం ఇచ్చేస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. ఎవరికన్నది అది చెప్పలేదు."

"నాకెందుకు ఇది?"

"జనం నీ దగ్గరున్నారు. ఆఫీసు కూడా నీ దగ్గరే ఉండాలి. నీ పార్టీలో సభ్యత్వం రాసుకో, మామూలు సభ్యుడిగానే. పెద్ద పార్టీతో పొత్తంటే మాత్రం ఒప్పుకోను, రోజూ వచ్చి పోట్లాడతాను. కానీ నా వాళ్లు ఇక్కడుంటే నేను ఎక్కడికి పోతాను, చెప్పు."

కనకరత్నం కళ్లు తుడుచుకుని లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. భీమశంకరరావు గొడుగు ముడిచి గోడకి ఆనించి కూర్చున్నాడు. టీ వచ్చేదాకా లేవలేదు.