చెయ్యెత్తి దారి చూపని మనిషి

ధర్మవరంలో మా వీధి చివర సైకిల్ షాపు ఉంది. పంక్చర్ వేసేటప్పుడు ట్యూబుకు రాసే సొల్యూషన్ వాసన సాయంత్రం పూట మా వాకిలి దాకా వస్తుంది. ఘాటుకు తలనొప్పి వస్తోందని పక్కింటివాళ్లు తలుపులేసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే పెనుకొండ కోట వెనక రాళ్ల బాట మీద, తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ ముందు గొంతుక్కూర్చున్న నంజప్ప సార్ కనిపిస్తారు. ఆయన నాకు బడిలో చదువు చెప్పిన వారు కాదు. నేను గుమాస్తాగా చేరిన ఆఫీసులో సూపరింటెండెంటు. సిగ్గుతో ఎలా బతకాలో ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇదేం విద్య అనిపించవచ్చు. అవసరం పడిన వాళ్లకు తెలుస్తుంది.

నా సిగ్గు సంగతి ముందు చెప్పాలి. మా నాయన అశ్వత్థప్ప, అప్పట్లో మేమున్న హిందూపురం నుంచి మడకశిర వైపు తిరిగే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. తొంభైలలో ఒక వానాకాలం ఆ బస్సు కల్వర్టు దగ్గర పల్టీ కొట్టింది. ఒక ముసలామె చనిపోయింది. ప్రమాదాలు ఎవరికైనా జరుగుతాయి. కానీ లోపల జనం కేకలు పెడుతుంటే మా నాయన కిటికీలోంచి దూకి, చేలకు అడ్డం పడి పారిపోయాడు. తర్వాత తనంతట తానే స్టేషనుకు వచ్చి లొంగిపోయాడు, శిక్ష అనుభవించి ఇంటికొచ్చాడు. ఊరికి ఇవేవీ పట్టలేదు. నా వెనక "పారిపోయిన డ్రైవర్ కూతురు" అనడం మానలేదు. కండక్టర్లందరికీ నా ముఖం తెలుసు కాబట్టి నేను బస్సెక్కడమే మానేశాను. పెనుకొండలో ఉద్యోగం వచ్చినప్పుడు, రైల్లో పోయి రావచ్చు కదా అని ప్రాణం లేచొచ్చింది. నాయన నడిమింట్లో గోడకానుకుని కూర్చునేవాడు. ముందు కంచం పెట్టేదాన్ని. పలకరించేదాన్ని కాదు.

ఉద్యోగంలో చేరిన రోజు పెనుకొండ స్టేషన్ బయట, సైకిల్‌కు కూరగాయల సంచి తగిలించుకుని వస్తున్న ఒకాయనను ఆఫీసు ఎక్కడని అడిగాను. ఆయన ఎదురు దిక్కుకు పోతున్న మనిషి. సైకిల్ దిగి, వెనక్కి తిప్పి, "నా ఎనకాల రామ్మా" అని నడిపించుకుంటూ బయల్దేరారు. తీరా చూస్తే ఆఫీసు మూడో మలుపులోనే ఉంది.

"ఇంత దూరం రావల్లనా సార్? చెయ్యి చూపించుంటే నేనే వచ్చేదాన్ని కదా" అన్నాను.

"మా ఇంట్లో అట్ల చూపించరమ్మా" అని ఆయన నవ్వారు. కాసేపటికి అదే మనిషి లోపల సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని కనిపించేసరికి నాలుక కరుచుకున్నాను.

తర్వాత తర్వాత గమనించాను. ఆస్పత్రి ఎక్కడ, ఫలానా వీధి ఎక్కడ అని ఎవరడిగినా, చేతిలో పని పక్కన పెట్టి లేచేవారు. దగ్గరుండి తీసుకుపోయి దిగబెట్టి వచ్చేవారు. చెయ్యి మాత్రం పైకి లేచేది కాదు. మా అటెండరు నాగమ్మక్క ఒకరోజు టీ పోస్తూ నవ్వింది.

"వాళ్లింటిని ఊర్లో ఏమంటారో తెలుసునా నీకు? దారి చూపినోళ్లు అంటారు. పూర్వం శత్రువుల దండు కోటను చుట్టుకున్నప్పుడు, ఎనక నుంచి కొండెక్కే దారిని వీళ్ల పెద్దాయన చెయ్యెత్తి చూపించినాడంట. అప్పట్నుంచి ఆ ఇంటి మగోళ్లు ఎవురికీ చెయ్యెత్తి దారి చూపరు."

"నిజమేనా అక్కా?"

"ఎవురు చూసినారు? పేరైతే ఉండాది కదా."

నేనూ ఆమెతో పాటు నవ్వాను. నవ్వుతుండగానే, మా వీధిలో నా గురించి కూడా ఇలాగే టీలు పోసుకుంటూ నవ్వుతారు కదా అనిపించి టీ గ్లాసు కింద పెట్టేశాను.

రెండు వేల సంవత్సరం దాటాక బెంగళూరు నుంచి కుర్రాళ్లు లావు టైర్ల గేరు సైకిళ్లతో మా వైపు రావడం మొదలైంది. కోటలూ బురుజులూ ఉన్న కొండల్లో, వెనకటి దండులు నడిచిన దారులు వెతుక్కుని తొక్కడం వాళ్ల సరదా. పెనుకొండలో ఆ దారులు క్షుణ్ణంగా తెలిసింది నంజప్ప సార్‌కే. చిన్నప్పటి నుంచి సెలవు రోజుల్లో ఆయన తిరిగేది అక్కడే. కుర్రాళ్లలో ఒకడు కొత్త సైకిల్ కొనుక్కుని తన పాతది ఆయనకు ఇచ్చిపోయాడు.

"ఆదివారం ఇంట్లో ఏం చేస్తావమ్మా?" అని ఒక శనివారం అడిగారు.

"ఏం లేదు సార్. తలుపేసుకుని ఉంటా."

"తలుపేసుకునేది యాడికి పోతాది? రేపు రా. నా పాత సైకిల్ ఉండాది, తొక్కుదువు."

చుడీదార్ వేసుకుని వెళ్లాను. కోట వెనక ఒకప్పుడు రాళ్లు పరిచిన బాట, ఇప్పుడు సగం కొట్టుకుపోయి గుండ్లు తేలి ఉంది. రెండు వైపులా తుమ్మ కంప. పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కితే తప్ప చక్రం కదలదు, దిగుడులో హ్యాండిల్ అదురు మోచేతుల దాకా వస్తుంది. సార్ అందరికంటే ముందు పోతున్నారు. ఒక మలుపులో మేకలు కాస్తున్న మనిషి ఆయనను చూసి కేకేశాడు.

"ఏమప్పా దారి చూపినోడా! ఈసారి ఏ దండును ఎక్కిస్తాండావు?"

తెలుగు రాని కుర్రాళ్లు అదేదో ముద్దుపేరు అనుకుని పకపకా నవ్వారు. ఒకడు సార్ వీపు కూడా తట్టాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. అయినా ఆగి, మేకల మనిషి వైపు తిరిగి, "అవున్నా, ఆ ఇంటోణ్ణే" అన్నారు. మళ్లీ పెడల్ మీద కాలు వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట నన్నే అన్నట్టు తల వంచుకుని తొక్కాను.

కూలిన బురుజు దగ్గర నా టైరులో ముల్లు దిగింది. కుర్రాళ్లు ముందుకు పోయారు. సార్ సైకిల్‌ను తలకిందులు చేసి ట్యూబు బయటికి లాగారు.

"మీకు కోపం రాలేదా సార్?"

"కోపం యాడిదమ్మా. సిగ్గయితాది. చిన్నప్పుడూ అయ్యేది, ఇప్పుడూ అయితాది."

"మరి ఈ దారికే ఏంటికి వస్తారు? వేరే దార్లు లేవా?"

ఆయన ట్యూబుకు సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నోటితో ఊదారు. "మా పెద్దాయన చేసిన పని ఊరు మర్చిపోలేదు. ఆయప్ప పేరేందో మా ఇంట్లో మేమే మర్చిపోయినాం. సిగ్గుపడి ఎవురూ ఆ పేరు నోటెంట రానీలేదు. భయపడి చూపించినాడా, కొట్టి చెప్పించినారా, ఆశపడినాడా? అడిగేదానికి మనిషి లేడు. ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవురూ అడిగుండరు. పేరన్నా లేని మనిషిని తలుచుకోవల్లంటే, ఆయప్ప నడిచిన తావుకు రావాల్సిందే కదమ్మా." అతుకును బొటనవేలితో అదిమిపట్టి, నా వైపు చూడకుండానే అడిగారు. "మీ నాయన ఉండాడు కదా?"

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఒక్కనాడూ బయటపడలేదు.

"ఉండాడు సార్."

"పలకరిస్తావా?"

నేను విప్పిన టైరు తీసుకుని ఇంకో ముల్లేదైనా ఉందేమోనని లోపల తడిమాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి నాయన ఎదురుగా కింద కూర్చున్నాను. "నాయనా, ఆ పొద్దు ఏం జరిగింది?" అన్నాను. నిజం చెప్తున్నాను, ఏదో ఒక సాకు వినాలని ఆశపడ్డాను. దెబ్బ తగిలి దిక్కు తెలియలేదనో, సాయానికి జనాన్ని పిలవడానికి పరిగెత్తాననో చెప్తే చాలు, నమ్మేద్దామనుకున్నాను. నాయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"భయమైందమ్మా. జనం కొడతారని భయమైంది. ఆ అవ్వ నా చొక్కా పట్టుకునింది. ఇడిపించుకుని దూకినా."

నా సిగ్గు తగ్గకపోగా రెండింతలైంది. లేచి పోవాలనిపించింది. పోలేదు, అంతే. అన్నం తెచ్చి ఇద్దరికీ వడ్డించి అక్కడే కూర్చుని తిన్నాను.

సోమవారం సార్‌తో చెప్పాను. "అడిగినా సార్. అడక్కుండా ఉంటే బాగుండు అనిపిస్తాంది."

"అనిపిస్తాది" అన్నారు. ఊరడింపు మాట ఒక్కటి కూడా అనలేదు. తర్వాత, "మీ నాయన పేరు మాత్రం పోగొట్టుకోవాకమ్మా" అన్నారు.

ఇప్పుడు సార్ లేరు, నాయనా లేడు. హిందూపురంలో పెళ్లిళ్లకు పోతే, పెద్దవాళ్లు ఎవరి కూతురివమ్మా అని అడుగుతారు. ఒకప్పుడు మా అమ్మ పుట్టింటి పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు "డ్రైవర్ అశ్వత్థప్ప కూతుర్ని" అంటాను. వాళ్ల ముఖంలో రంగు మారుతుంది, నా చెవులు కాలతాయి. అయినా అక్కడే నిలబడతాను. సార్ దగ్గర నేర్చుకున్న విద్య నాకు బాగా వంటబట్టిందని లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పోయిన నెల మా అమ్మాయికి తాత సంగతి మొత్తం చెప్పాను. పేరూ, చేసిన పనీ, చొక్కా పట్టుకున్న చెయ్యీ, ఏదీ దాచలేదు. అది అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ అవ్వ పేరేంటమ్మా?"

నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను నాయననూ అడగలేదు, ఎవరినీ అడగలేదు. మా నాయన పేరు పోకుండా చూసుకోవడమే సరిపోయింది. ఆమెది మడకశిర దగ్గర పల్లె అని మాత్రం తెలుసు. ఆ పల్లెకు పోవాలి. నేనెవరి కూతురినో ముందు చెప్పి, ఆ తర్వాత అడగాలి.