ఉరికే పాయఖానల నా మొదటి నౌకరి

ఆ రోజులల్ల ఎవరేమడిగినా నా దగ్గర ఒక్కటే జవాబు ఉండె, ‘వస్తది’ అని. ఇంగ్లీషు వస్తదా అంటే వస్తది. ఈత వస్తదా అంటే వస్తది. రాదు అనే మాట నోట్లకెళ్లి ఎల్లిందంటే పరువు పోతదనుకునే వయసు. ఇరవై రెండేండ్లు. (ఆ వయసుల పరువు తప్ప ఇంకేముంటది మన దగ్గర? అందుకే దానికంత కావలి.) తెలంగాణ వచ్చి రెండు మూడేండ్లయింది అప్పటికి. మాది నారాయణపేట. నాయిన మగ్గం నేస్తుండె, అమ్మ కండెలు చుడుతుండె, నేను డిగ్రీ సగంల ఇడిసిపెట్టి హైదరాబాదుల నౌకరి దేవులాడుకుంట తిరుగుతుంటి.

ఒక ట్రావెల్స్ ఓనరు దగ్గర దొరికింది నౌకరి. ఆయనకు కార్లు, బస్సులతోని పాటు ఒక క్యారవాన్ ఉండె. క్యారవాన్ అంటే బస్సే గని లోపట ఇల్లు. పండుకోను మంచం, చాయ్ పెట్టుకోను పొయ్యి, ఫ్రిజ్జు, అన్నిటికన్న ఎనకాల, బీరువా పట్టేంత జాగాల ఒక పాయఖాన. డ్రైవరు పక్కన కూసొని, వచ్చిన పార్టీకి కావల్సింది చూసుకునేటోడు కావాలన్నడు ఓనరు. “చిన్న చిన్న రిపేర్లు ఉంటయి. ప్లంబింగ్ వస్తదా?” అని అడిగిండు. “వస్తది సార్” అన్న. అబద్ధమని అప్పుడు నాకు అనిపియ్యనే లేదు. మా వాడకట్టు నల్లా కారుతుంటే బిగిద్దామని పోయి, నల్లాను పీకి చేతుల వట్టుకొని నిలబడ్డ అనుభవం ఉండె నాకు. ఆ పొద్దు వాడకట్టు వాడకట్టంత బిందెలు నింపుకున్నది. దాన్ని నేను విజయం కిందనే జమకట్టుకున్న.

ఇంటికి పోయి చెప్తే మా అవ్వకు నవ్వు ఆగలే. “ఏమన్నవ్‌రా, బస్సుల పాయఖానా? పాయఖానకు కాళ్లొచ్చినయా?” అని ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చింది. నాయిన మాత్రం మగ్గం గుంతలకెళ్లి తలెత్తకుండనే, “ఏ పనైనా పనే. గని తెలిసి చెయ్యి” అన్నడు. ఆ ‘తెలిసి’ అన్న మాట నాకు ఇనపడలే.

నౌకర్ల చేరిన మూడో వారమే సిస్టరమ్మ ఎక్కింది మా బండి. డెబ్బై దాటిన మనిషి. ఎనకట అమ్రాబాద్ దిక్కు అడివి పల్లెలల్ల ప్రభుత్వ నర్సు. ఇప్పుడు బిడ్డ దగ్గర హైదరాబాదుల ఉంటది. మోకాళ్లు వంగయి, గంటకోసారి బాత్రూముకు పోకుంటే ఆగలేదు. గందుకనే నాలుగేండ్లయిందట గడప దాటక. అడివి ఊరి నుంచి ఒక పిల్ల ఫోన్ చేసిందట, “సిస్టరమ్మా, నన్ను నువ్వే భూమ్మీద పడేసినవని మా అమ్మ చెప్తది. నా బిడ్డకు ఇరవయ్యొక్కటో దినం. నువ్వొచ్చి పేరు పెడితేనే తొట్టెల్ల ఏస్తం” అని. అంతే, ముసలామె పట్టు వట్టింది. ఆమె బిడ్డ (మేమందరం మేడం అనేటోళ్లం, ఆఫీసుల పెద్ద నౌకరి) ఆలోచించి ఆలోచించి మా క్యారవాన్ మాట్లాడింది. అంటే ఆ పార్టీ మా మెత్తటి మంచం కోసం రాలే, ఫ్రిజ్జు కోసం రాలే. ఒట్టి పాయఖాన కోసమే వచ్చింది. దాని జిమ్మేదారి నాది.

తల్లీబిడ్డలను ఎక్కిచ్చుకొని పొద్దుగాలనే బయలెల్లినం. బండి నడిపేది చిచ్చా. పాలమూరాయన, మాట తక్కువ, చాయ్ ఎక్కువ. సిస్టరమ్మ కిటికి పక్కన కూసొని కనవడ్డ ఊరికల్లా ఒక కాన్పు కథ చెప్పుకుంట వస్తాంది. కల్వకుర్తి దాటి, డిండి ఇంకా రాకముందు, రోడ్డు పక్క చాయ్ డబ్బా కాడ చిచ్చా బండి ఆపిండు. సిస్టరమ్మ మెల్లగ లేచి ఎనకకు పోయింది. బయటికొచ్చి నా దిక్కు చూసి, “బిడ్డా, లోపట వాన పడ్తాంది” అన్నది.

పోయి చూసిన. కమోడు ఎనక సన్నటి పైపు వచ్చి అతికే కాడ, ప్లాస్టిక్ నట్టు పక్కపొంటి నీళ్లు ధారకట్టినయి. కింద ఇప్పటికే మడుగైంది, మెత్తటి కార్పెట్ దాక పాకుతాంది. “ఇంతేనా, రెండు నిమిషాల పని” అని పానా తీసిన. మేడం ముందట పానా పట్టుకుంటే ఏదో పెద్ద మెకానిక్ లెక్క అనిపిచ్చింది నా మనసుకు. ఒక తిప్పు తిప్పిన. కారుడు జర ఎక్కువైంది. ఇంకో తిప్పు తిప్పిన. ఇంకా ఎక్కువైంది. అప్పుడు సామాన్ల డబ్బల తెల్ల టేపు కనవడ్డది. చుట్టుడు నాకు పుట్టుకతో వచ్చిన విద్య గద, మా అమ్మ కండె చుట్టినట్టు చుట్టుకుంట పోయిన. టేపు రీలు ఒడిసింది. పైపు బొటనవేలికి కట్టు కట్టినట్టయింది. నీళ్లు మాత్రం ఆ కట్టులకెళ్లే తోవ దేవులాడుకొని బయటికొస్తున్నయి.

ఇట్ల గాదని, నట్టు మొత్తం ఇప్పి మళ్ల ఎక్కిద్దామనుకున్న. ఇప్పిన. (ఇప్పేటి ముందు నీళ్ల మోటరు బందు చెయ్యాలె. ఇది నాకిప్పుడు నిద్రల లేపి అడిగినా చెప్తా.) ఠప్పున పైపు ఊడి, నీళ్లు నా ముఖం మీదికి ఎగజిమ్మినయి. నోట్ల నీళ్లు, ముక్కుల నీళ్లు. ఏం తోయక పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టిన. పెట్టినంక తెలిసింది, ఇంక తియ్యరాదని. తీస్తే బస్సంత చెరువైతది. “చిచ్చా, మోటరు బందు జెయ్!” అని ఒర్లిన. చిచ్చా డబ్బా కాడ రెండో చాయ్ మీదున్నడు. “మేడం, స్విచ్చి! స్విచ్చి!” అని మళ్ల ఒర్లిన. పాపం ఆమెకు ఏ స్విచ్చో తెల్వదు. వరసగ అన్నీ ఒత్తింది. ఎర్రవి, పచ్చవి లైట్లు ఎలిగినయి. పాటలు మోగినయి. బస్సు పక్కకున్న నీడ పరదా గర్రుమనుకుంట దానంతట అదే ఇప్పుకొని చాయ్ డబ్బా మీద గొడుగు పట్టింది. ఆఖరుకు చిచ్చా గ్లాసు పట్టుకొనే లోపటికొచ్చి, నిమ్మలంగ ఒక బటను ఒత్తి, నన్ను కిందికెళ్లి మీదిదాక చూసి, “తానం అయిందా బేటా?” అన్నడు.

సిస్టరమ్మ మంచం మీద కూసొని కడుపు పట్టుకొని నవ్వుతాంది. మేడం నవ్వలే. నా దిక్కు కూడ చూడలే. చెప్పులు తడిసినయి ఆమెవి, కండ్లు కూడ తడిసినట్టే అనిపిచ్చింది. “చాలమ్మా. నేను ముందే చెప్పిన, వద్దని. ఇంక అడివిల నీకేమన్న అయితే నేనేం చెయ్యాలె? ఎనకకు పోదాం” అన్నది. సిస్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఒళ్లె పెట్టుకున్న సంచిల పసిపిల్ల జుబ్బా ఉండె, తనే కుట్టిందట, దాన్ని తీసి మడతలు సాపు చేసి మళ్ల సంచిల పెట్టుకున్నది. “సరే తియ్యి” అన్నది, గోడ దిక్కు చూసుకుంట. నాకు తిట్టినా బాగుండె అనిపిచ్చింది.

మేడం ఫోన్ మాట్లాడనికి కిందికి దిగినంక, ముసలామె నన్ను దగ్గరికి పిలిచింది. “నిజం చెప్పు బిడ్డా. ఇంతకు ముందు ఈ పని ఎన్నిసార్లు చేసినవ్?” అని అడిగింది. ఇరవై రెండేండ్లల మొదటిసారి నా నోట్లకెళ్లి ఆ మాట ఎల్లింది. “రాదవ్వా. అబద్ధం చెప్పిన.” నీళ్లు కారుతున్న అంగితోని, తల వంచుకొని నిలబడ్డ. ఆమె మూతి ముడిచింది, నవ్వాపుకుంటాందని తర్వాత సమజైంది. “నా మొదటి కాన్పు నాడు నాకు కూడ చేతులు ఆడలే. డ్రెస్సు మాత్రం తెల్లగ ఉండె. అందరు సిస్టరమ్మా సిస్టరమ్మా అంటున్నరు. బుక్కుల చదివిందంత మరిచిపోయిన. ఏం చేసిన్నో ఎరికేనా? ఊర్ల మంత్రసాని ఇంటికి ఉరికిన. నాకు రాదు, నువ్వు రా అని కాళ్లు వట్టుకున్న. పిల్ల బతికింది, తల్లి బతికింది. నా పరువు ఏడికి పోలే. పో, ఎవరినన్న తోలుకరా. బిడ్డ ఫోన్ పెట్టేసేలోపట పో.”

ఉరికిన. చాయ్ డబ్బా ఎనక పత్తిచేను. గట్టు మీద ఒకామె మందు కొట్టే పంపు ముందటేసుకొని, దాని పైపు ఇప్పి ఏదో సదురుతాంది. నలభై దాటుంటయి, తలకు తువ్వాల, మీద మగోళ్ల అంగి. “అక్కా, మా పైపు కారుతాంది, నాకు రాదు, జర వస్తవా?” అని ఒక్క ఊపిరిల అన్న. (రెండోసారికి ఆ మాట అంత చేదుగ లేదు.) ఆమె నన్ను చూసి, తడిసిన నా అంగి చూసి, “బాయిల వడ్డవా తమ్మీ?” అని లేచింది.

లోపటికొచ్చి ఆమె అడిగిన మొదటి మాట, “మోటరు బందేనా?” రెండో మాట, నా టేపు చుట్టను చూసి, “ఇదేంది, దీనికి దెబ్బ తాకిందా?” టేపంత ఊడబెరికి నా చేతుల పెట్టింది. నట్టు లోపట వేలు పెట్టి తిప్పి ఒక రబ్బరు ముక్క బయటికి తీసింది. ఎండి, రెండు పక్కల పగిలిన వాషరు. “ఇదుగో నీ దొంగ. వాషరు పోయినంక నువ్వు పానాతోని పహిల్వాన్ లెక్క తిప్పితే నీళ్లు భయపడి ఆగుతయా? మా పంపుకు కూడ ఇదే రోగం” అన్నది. నడుముకు చెక్కిన చిన్న పొట్లం ఇప్పింది. పంపు కోసం తెచ్చుకున్న కొత్త వాషర్లు. అప్పుడే వచ్చిన మేడం, “పురుగుల మందు అంటిందా?” అని భయంగ అడిగింది. “లేదమ్మా, కొత్తయి. మేము గూడ మనుషులమే, మందు తాగి బతకం” అన్నది ఆమె నవ్వుకుంట. ఒక వాషరు జర పెద్దగుంటే అంచు కొడవలితోని చెక్కి నట్టుల కూసోబెట్టింది. “ఇంక నువ్వు తిప్పు తమ్మీ. పానా పక్కన పెట్టు. చేత్తోని. ఆఁ. ఇప్పుడు పానాతోని పావు తిప్పు. పావే! ఇంక చాలు, ఇడువు. ప్లాస్టిక్ అది, పసిపిల్ల మెడ లెక్క పట్టుకోవాలె.”

కింద తుడిచి, ఎండిన పేపరు పరిచి, మోటరు ఏసినం. నలుగురం ఆ బీరువా అంత జాగాల తలలు పెట్టి, ఊపిరి బిగబట్టి పేపరు దిక్కు చూస్తున్నం. (ఎవరన్న బయటికెళ్లి చూస్తే లోపట ఏదో పూజ అయితాంది అనుకుందురు.) ఒక్క సుక్క పడలే. పేపరు ఎండినట్టే ఉన్నది. మేడం ఇంకో నిమిషం చూసింది. చూసి, ఆ అక్క మోచెయ్యి పట్టుకొని, “థాంక్స్ అక్కా” అన్నది. నేను చేసిన నిర్వాకానికి ట్యాంకుల నీళ్లు కూడ ఒడిసినయి. “కరెంటు ఉన్నది, మా బోరు కాడ నింపుకోరి” అని పైపు కూడ ఆమెనే గుంజుకొచ్చింది.

నీళ్లు నిండేదాక ఆమె సిస్టరమ్మ పక్కన కూసొని ముచ్చట్లు పెట్టింది. పోయే ముందు, “అమ్మా, నేనొకసారి కమోడు మీది బటను ఒత్తి చూడనా?” అని అడిగింది. ఒత్తింది. నీళ్లు గిర్రున తిరిగి పోయినయి. “మా ఇంట్ల కూడ కట్టిచ్చుకున్నం గని, నీళ్లు బిందెతోని మోసుకపోవాలె. మీ బండి నయం” అన్నది. ఏడుపు లేదు ఆ మాటల, ఎక్కిరింత కూడ లేదు. ఉన్నమాట అన్నట్టు అనేసి, కొడవలి అందుకొని, మా బండి కదిలేసరికే పంపు భుజానికేసుకున్నది.

మన్ననూరు దాటి, అమ్రాబాద్ మీదికెళ్లి ఆ అడివి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. పందిరి కింద జనమంత లేచి నిలబడ్డరు. తొట్టెల ఖాళీగ ఊగుతాంది. పిల్లతల్లి ఉరికొచ్చి సిస్టరమ్మను కావలిచ్చుకున్నది. సిస్టరమ్మ పసిపిల్లను ఒళ్లెకు తీసుకొని, చెవిల పేరు చెప్పి, తొట్టెల్ల పండబెట్టింది. మేడం దూరంగ నిలబడి చూస్తాంది. అమ్మ ఎంత పెద్దమనిషో ఆమెకు కూడ ఆ పొద్దే తెలిసినట్టు. అన్నాలకు కూసున్నప్పుడు సిస్టరమ్మ నన్ను చూపెట్టి, “ఈ పిలగాడే నన్ను తోలుకొచ్చిండు” అన్నది. “నేను కాదవ్వా, తోవల ఒక అక్క” అన్న. “ఆమెను తోలుకొచ్చింది నువ్వే గదరా” అన్నది.

తెల్లారి ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పిన, తీసేస్తడనే అనుకున్న. ఆయనకు ముందే సిస్టరమ్మ ఫోన్ చేసిందట. “పిలగానికి పని రాదు. తీసెయ్యకు, నేర్పియ్యి” అని. సనత్‌నగర్ల ఒక మేస్త్రి దగ్గరికి ఆరు నెలలు తోలిండు నన్ను. ఇప్పుడు షాద్‌నగర్ కాడ నాకో చిన్న షెడ్డున్నది. ఇట్లాంటి బండ్ల నీళ్ల పైపులు, మోటర్లు, పాయఖానలు నేనే చూస్త.

మొన్న ఒక బండి ఒప్పజెప్పనికి ఆ తోవల పోయిన. చాయ్ డబ్బా లేదు, పెద్ద హోటలైంది. పత్తిచేన్ల తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేసిండ్రు. అప్పుడు ఆమె పేరు అడిగే సోయి కూడ లేకపాయె నాకు. రోడ్డు పక్క గొర్లు కాసే పెద్దాయన, “ఎవరు గావాలె?” అన్నడు. “ఇక్కడ ఒకామె ఉండె కాకా. మందు కొట్టే పంపు ఉండేది, తువ్వాల కట్టుకునేది” అన్న. “మా ఊర్ల ఆడోళ్లందరికీ పంపులున్నయి, తువ్వాలలున్నయి. ఏ ఆమె అని చెప్పాలె?” అన్నడు. ఎవరామెనో చెప్పలేక, “అయితే అందరికి చెప్పు కాకా, ఒకడొచ్చి దండం పెట్టి పోయిండని” అని చేన్ల దిక్కు రెండు చేతులెత్తిన. పొట్ట పెరిగి, కండ్లద్దాలొచ్చిన మనిషి ప్లాట్ల రాళ్లకు మొక్కుతుంటే ఆయన నన్ను ఒకసారి, ఆ రాళ్లను ఒకసారి చూసి, “ప్లాటు గిట్ల పోగొట్టుకున్నవా బిడ్డా?” అని అడిగిండు, మస్తు జాలిగ.