ఇరవై మూడు కిలోలు

కొండాపూర్ ఫ్లాట్‌లో సూట్‌కేసులు తూస్తుంటే నా కూతురు వెయింగ్ మెషీన్ ఎక్కింది. నా చిన్నప్పటి సింగపూర్ ప్రయాణం గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. నాన్నకు సింగపూర్‌లో ఏడాది ఉద్యోగం. "ఇరవై మూడు కిలోలు దాటితే ఇక్కడే వదిలేయాలి," అంటూ ఆయన సూట్‌కేసులోంచి ఆవకాయ సీసా బయటికి తీసేశాడు. ఎవరూ చూడకుండా నేనూ మెషీన్ ఎక్కాను. ఇరవై నాలుగు!

ఆ పూట నుంచి అన్నం సహించలేదు.

"ఏంది బిడ్డా, గిట్ల తినకుంటె ఎట్ల?" అంది మా ఇంట్లో పనిచేసే యాదమ్మ.

"ఊరు వదులుతున్నామని బెంగ," అంది అమ్మ.

ఎయిర్‌పోర్టులో సూట్‌కేసుల తరవాత నా వంతేనని వెనక్కి నక్కుతుంటే, నాన్న నన్ను భుజానికెత్తుకుని కౌంటర్ దాటేశాడు. సింగపూర్ ఏడాదిలో రెండంతస్తుల బస్సులెన్ని ఎక్కినా, సంతోషమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ భుజమే.

"నేనెంత ఉన్నానమ్మా? ఎక్కువా?" అంటోంది నా కూతురు.

అంకె చూడకుండానే దాన్ని ఎత్తుకున్నాను.